మా అమ్మాయి చేసే పని ఏమిటండీ?



పోయిన కోతకాలపు పండుగకు మేము పల్నాటి వైపు ఒక పల్లె సంఘమునకు వెళ్ళాము. ఆరాధన ముగిసి, ప్రేమవిందు బంతులు లేచిన తరువాత సంఘపెద్ద ఒకాయన మమ్మును చింతచెట్టు కిందికి తీసుకుపోయి కుర్చీ వేశారు. ఆయన మిరప రైతు. ఇద్దరు కుమార్తెలు. పెద్దమ్మాయికి హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయములో ఉద్యోగము.

"అయ్యగారూ, మా పిల్ల యూనివర్సిటీలో చేస్తంది. పాఠాలు చెప్పదు. గుమాస్తా కాదంట. పరదేశం పిల్లల ఆఫీసంట. ఆళ్ళకి ఈ పిల్ల ఏం చేస్తదో నాకు అంతు దొరకదు. సంబంధం వాళ్ళొచ్చి అడిగితే నోరు పెగల్లేదు" అన్నారు.

ఆ వచ్చినవారు కన్సల్టెన్సీ అనుకున్నారట. ఇప్పటివరకు ఎంతమందిని అమెరికా పంపింది, తలకు ఎంత వస్తుంది, మా చిన్నవాడిని కూడా పంపుతుందా అని అడిగారట. పంపడము ఆమె పని కాదండీ అని తల్లి చెప్పేసరికి వారి ముఖములు మారిపోయాయి. కాఫీ తాగి వెళ్ళినవారు మరల కబురు చేయలేదు.

పక్కన బీడీ కాల్చుకుంటున్న మరొక పెద్దమనిషి ఊరుకోలేదు. (సంఘపు ఆవరణలో బీడీ ఏమిటని మేము అనలేదు. ఆ సంగతి వేరొక నెల.) "పంపేవాళ్ళంతా ఒక తానులో గుడ్డలే. 2011లో ఏం జరిగిందో మర్చిపోయారా? పిల్లల కాళ్ళకి సంకెళ్ళేసి తిప్పారు" అన్నాడు. పెద్దాయన తల దించుకున్నారు. తన కూతురు అటువంటి పని చేస్తున్నదేమో అనే అనుమానము ఆ తండ్రి మనస్సులో ఒక మూల ఉన్నదని మాకు అప్పుడు అర్థమయ్యింది. తెలుసుకొని రాస్తామని మాట ఇచ్చి వచ్చాము.

తరువాత హైదరాబాదు పని మీద వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి అనుమతితో ఒక పూట ఆమె ఆఫీసులో కూర్చున్నాము. రెండు బల్లలు, ఒక ఇనుప బీరువా, గోడకు ప్రపంచ పటము. మేము వెళ్ళేసరికి సూడాను దేశపు అబ్బాయి ఒకడు చేతిలో కాగితాల సంచితో నిలబడి ఉన్నాడు. చదువు వీసా మీద మన దేశమునకు వచ్చే పరదేశి విద్యార్థి సాధారణముగా 14 దినములలో విదేశీయుల నమోదు కార్యాలయములో పేరు రాయించుకోవాలి. ఇప్పుడు అది కంప్యూటరులోనే జరుగుతుంది. కానీ అందుకు కళాశాల ఇచ్చే ధ్రువపత్రము కావాలి, ఎక్కడ ఉంటున్నాడో చూపే కాగితము కావాలి. ఈ అబ్బాయికి హాస్టలులో చోటు దొరకలేదు. బయట గది ఇచ్చిన ఇంటాయన అద్దె కాగితము మీద సంతకము చేయనంటున్నాడు. ఇప్పటికి 11 దినములు గడిచిపోయాయి.

ఆ అమ్మాయి ముందుగా ఆ ఇంటాయనకు ఫోను చేసింది. "బాబాయిగారూ, ఈ అబ్బాయి మా విద్యార్థి. ఏమన్నా జరిగితే ముందు నాకే ఫోను చేయండి, నా నంబరు రాసుకోండి" అన్నది. ఆయన మెత్తబడ్డాడు. తరువాత వార్డెనుతో మాట్లాడింది. ఆ తరువాత కెన్యా దేశపు అమ్మాయి మార్కుల పత్రము, జర్మనీ అబ్బాయి కడుపునొప్పి. మెస్సులో గోంగూర పచ్చడి రుచికి మూడుసార్లు వేయించుకున్నాడట పాపము! డాక్టరు దగ్గరకు తోడుగా ఒక విద్యార్థిని పంపింది. ఆ రాత్రి రెండు గంటలకు ఇథియోపియా నుండి ఇద్దరు పిల్లలు దిగుతారు, శంషాబాదుకు బండి పంపాలి. ఇదీ ఆమె పని.

అంతేకాదు. మన పిల్లలు ఒక ఆరు నెలలు వేరే దేశపు విశ్వవిద్యాలయములో చదివి తిరిగి వచ్చే ఏర్పాటు కూడా ఆమె చేతి మీదుగానే జరుగుతుంది. దీనిని ఎక్స్ఛేంజి అంటారు. మన పల్లెల్లో పిల్లను మేనత్త ఇంట ఉంచి చదివించడము లేదా? అన్నము అక్కడ, బడి అక్కడ, పేరు మాత్రము మన ఇంటి రేషను కార్డులోనే. ఇదీ అంతే. రెండు విశ్వవిద్యాలయముల మధ్య ఒప్పందము ఉంటుంది. సామాన్యముగా విద్యార్థి ఫీజు తన స్వంత కళాశాలకే కడతాడు. అక్కడ చదివిన పాఠముల మార్కులు ఇక్కడి లెక్కలో కలుస్తాయి. చివరకు డిగ్రీ ఇచ్చేది తన కళాశాలే.

కలుస్తాయి అని ఒక్క మాటలో రాశాము గాని, కలవకపోతే ఏమవుతుందో ఒక స్త్రీ జీవితము చెబుతుంది. ఈ పని చేసేవారందరూ తెలుసుకొనవలసిన కథ అది. ఇటలీ దేశమునకు చెందినది.

సోఫియా కొరాది 1934లో రోమ్ నగరములో పుట్టింది. అక్కడే న్యాయశాస్త్రము చదువుతూ 1957లో ఫుల్‌బ్రైట్ వేతనము పొంది అమెరికా వెళ్ళింది. ఆ వేతనము సంగతి కూడా చెప్పుకోదగినది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిశాక అమెరికా సైన్యపు సామగ్రి ఎంతో పరదేశములలో మిగిలిపోయింది. దానిని అమ్మగా వచ్చే సొమ్ముతో విద్యార్థులను దేశముల మధ్య పంపుదామని సెనేటరు ఫుల్‌బ్రైట్ తలపెట్టాడు. 1946లో అది చట్టమయ్యింది. మన దేశముతో 1950 ఫిబ్రవరిలో ఒప్పందము కుదిరింది. ఇప్పుడు దాని పేరు ఫుల్‌బ్రైట్-నెహ్రూ.

సోఫియా న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్రములో మాస్టర్స్ పట్టము సంపాదించి ఇంటికి వచ్చింది. రోమ్ విశ్వవిద్యాలయములో తన డిగ్రీ పూర్తి చేసుకొనుటకు ఆ చదువును లెక్కలోకి తీసుకొమ్మని అడిగింది. ఆఫీసువారు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే కాదు, నలుగురి ఎదుట చులకన చేశారు. అమెరికాలో విహారము చేసి వచ్చి చదువు అంటున్నావా అన్న ధోరణిలో మాట్లాడారని ఆమె తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నది. చేసేది లేక మిగిలిన పరీక్షలు రాసింది. కష్టపడి చదివిన ఏడాది ఆమె స్వంత విశ్వవిద్యాలయపు లెక్కలో లేకుండా పోయింది.

మన తాలూకా ఆఫీసులలో, బ్యాంకులలో ఇటువంటి మాట పడనివారు మనలో ఎవరున్నారు? కడుపులో పెట్టుకొని ఇంటికి వస్తాము, రెండు రోజులు బాధపడతాము, మరచిపోతాము. ఆమె మరచిపోలేదు. ఇటలీ విశ్వవిద్యాలయాధిపతుల సంఘమునకు సలహాదారుగా పనిలో చేరిన తరువాత 1969లో ఒక విజ్ఞాపన రాసింది. విద్యార్థి పరదేశములో కొంతకాలము చదివితే, ముందుగా తన కళాశాల ఒప్పుకున్న పాఠములైతే, తిరిగి వచ్చాక వాటిని లెక్కలోకి తీసుకొనవలసినదేనన్నది అందులోని ముఖ్య సంగతి. వినడానికి చిన్న కోరికే. మంత్రుల చుట్టూ, విశ్వవిద్యాలయ పెద్దల చుట్టూ ఆమె తిరిగింది. 1976లో యూరపు దేశముల విద్యామంత్రులు కొన్ని ఉమ్మడి చదువుల ఏర్పాటుకు ఒప్పుకున్నారు. 1987 జూన్‌లో గాని అసలు పథకము మంజూరు కాలేదు. విజ్ఞాపన రాసిన నాటి నుండి 18 సంవత్సరములు!

ఆ పథకము పేరు ఎరాస్మస్. మొదటి ఏడాది 11 దేశముల నుండి 3,244 మంది విద్యార్థులు వెళ్ళారు. ఇప్పటికి దాని వలన మేలు పొందినవారు కోటిన్నరకు పైమాటే. సోఫియా రోమ్‌లోనే ప్రొఫెసరుగా పనిచేసింది. యూరపులో విద్యార్థులు ఆమెను 'మమ్మా ఎరాస్మస్', అంటే ఎరాస్మస్ అమ్మ అని పిలిచారు. 2016లో స్పెయిన్ దేశములో ఆమెకు కార్లోస్ 5 యూరపు బహుమానము ఇచ్చారు. 2025 అక్టోబరులో 91 ఏండ్ల వయస్సులో కన్నుమూసింది.

మన పాఠకులకు ఎరాస్మస్ అనే పేరు కొత్త కాదనుకుంటాము. 1516లో గ్రీకు కొత్త నిబంధనను బాసెల్ పట్టణములో అచ్చువేయించిన పండితుడు ఆయనే. లూథరు జర్మను భాషలోకి తర్జుమా చేయుటకు ఆధారము చేసుకున్నది ఆ గ్రీకు పాఠమునే. ఆయన హాలెండులో పుట్టి పారిస్‌లో చదివి, ఇటలీలో పట్టము పొంది, ఇంగ్లండులో పాఠము చెప్పి, చివరకు స్విట్జర్లాండులో కన్నుమూశాడు. తిరిగి తిరిగి చదివినవాని పేరు తిరిగి చదివే పిల్లల పథకమునకు పెట్టారు.

సోఫియా అడిగిన ఆ చిన్న కోరిక ఈనాడు ఒక కాగితముగా మారింది. పాఠముల ఒప్పందపత్రము అనుకోండి. దాని మీద మూడు పక్షముల సంతకములు ఉంటాయి: విద్యార్థిది, పంపే విశ్వవిద్యాలయమువారిది, చేర్చుకొనే విశ్వవిద్యాలయమువారిది. అక్కడ చదవబోయే ఫలానా పాఠము ఇక్కడి ఫలానా పాఠమునకు సమానము అని ముందుగానే రాస్తారు. యూరపు లెక్క ప్రకారము ఒక ఏడాది చదువు 60 క్రెడిట్లు. సగము ఏడాదికి 30. అక్కడికి వెళ్ళాక ఒక పాఠము రద్దయితే, వేరొకటి తీసుకుంటే, వెంటనే ఆ కాగితము మార్చి మరల సంతకములు చేయించాలి. మన అమ్మాయి బల్ల మీద అటువంటి ఫైళ్ళు 9 కనబడ్డాయి. ఒక ఫైలు మీద ఎర్ర సిరాతో ప్రశ్నార్థకము పెట్టి ఉంది. ఏమిటని అడిగాము. "అక్కడ పాఠం మార్చుకున్నాడండీ, నాకు చెప్పలేదు. ఇప్పుడే పట్టుకోకపోతే వచ్చాక ఆరు నెలలు పోతాయి. వాళ్ళ నాన్నగారు కౌలు రైతు" అన్నది. మేము ఉండగానే రెండుసార్లు ఆ అబ్బాయికి కబురు పెట్టింది.

మన దేశములోనూ పరదేశపు డిగ్రీని ఇక్కడి డిగ్రీతో సమానముగా గుర్తింపజేసుకొనుటకు తిరిగిన కుటుంబములను ఎరుగుదుము. 2025 ఏప్రిల్‌లో యూజీసీ వారు దీని కొరకు కొత్త నియమావళి ప్రకటించారు. పిల్లలను పంపకముందే ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా అని అడిగి తెలుసుకొనుట మంచిది. పట్టము గోడకు తగిలించిన తరువాత అడిగి లాభము లేదు.

ఇక బీడీ పెద్దమనిషి ఎత్తిన 2011 సంగతి. అతని మాట పూర్తిగా అబద్ధము కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రము ప్లెజంటన్ ఊరిలో ట్రై-వ్యాలీ అనే పేరుతో ఒక విశ్వవిద్యాలయము ఉండేది. 2011 జనవరిలో అధికారులు దాని మీద పడి మూయించారు. 1,500 మందికి పైగా విద్యార్థులు. చాలా మంది భారతీయులు, వారిలోనూ మన తెలుగు పిల్లలే ఎక్కువ. సగము మందికి పైగా విద్యార్థులు ఒకే అపార్టుమెంటులోని ఒకే ఇంటిలో ఉన్నట్లు కాగితముల మీద ఉన్నదట! కొందరు పిల్లల కాళ్ళకు, వారు ఎక్కడ తిరుగుతున్నారో తెలిపే పరికరములు తగిలించారు. మన ప్రభుత్వము అభ్యంతరము చెప్పింది. దాని యజమానురాలికి 2014లో 16 ఏండ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019లో మిషిగన్ రాష్ట్రములో జరిగినది మరీ వింత. అక్కడ ప్రభుత్వ అధికారులే దొంగ విశ్వవిద్యాలయము పెట్టి, చేరిన వారిని పట్టుకున్నారు. అందులోనూ మనవారు ఉన్నారు.

ఈ రెండు చోట్లా లేనిది ఏమిటో తెలుసా? సరిగ్గా ఈ అమ్మాయి చేసే పనే లేదు. అమెరికాలో పరదేశి విద్యార్థికి ఐ-20 అనే పత్రము ఇచ్చేది విశ్వవిద్యాలయములో అందుకు నియమింపబడిన అధికారి. పిల్లవాడు తరగతికి వస్తున్నాడా, చదవవలసినన్ని పాఠములు చదువుతున్నాడా, ఎక్కడ ఉంటున్నాడు, ఇవన్నీ ప్రభుత్వమునకు తెలుపవలసిన బాధ్యత ఆ అధికారిది. ట్రై-వ్యాలీలో ఆ సంతకము అధికారము యజమానురాలి చేతిలోనే ఉంది. కాపలావాడే దొంగతో కలిసిన చేను గతి అది.

మంచి చోట ఆ అధికారి పిల్లలకు ఎంత అండయో చెబుతాము. పిల్లకు జబ్బు చేసి పాఠములు తగ్గించుకొనవలసి వస్తే, ముందుగా ఆ అధికారి అనుమతి తీసుకుంటే వీసాకు భంగము లేదు. తానే పాఠము మానేసి తరువాత వెళ్ళి చెబితే ఎంత ప్రాధేయపడినా ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఇల్లు మారితే 10 దినములలో తెలుపాలి. పాఠక తల్లిదండ్రులారా, మీ బిడ్డ పరదేశములో చదువుతుంటే ఈ ఆదివారము ఫోనులో అన్నము తిన్నావా అని అడిగిన తరువాత, మీ పరదేశి విద్యార్థుల ఆఫీసులో నీకు తెలిసిన మనిషి ఎవరు అని కూడా అడగండి. పేరు చెప్పలేకపోతే సోమవారమే వెళ్ళి కలుసుకొమ్మని చెప్పండి.

కన్సల్టెన్సీల వారందరు మోసగాళ్ళని మేము అనము. దరఖాస్తు నింపుటకు, బ్యాంకు కాగితములు సరిచేయుటకు వారి సహాయము పొందినవారు మన సంఘములలో చాలామంది ఉన్నారు. కానీ తేడా తెలియాలి. చాలా పరదేశపు విశ్వవిద్యాలయములు తమకు విద్యార్థిని చేర్చిన ఏజెంటుకు తలకు ఇంత అని కమీషను ఇస్తాయి. పిల్లవాడు విమానము ఎక్కగానే ఆ లెక్క దాదాపు తీరిపోతుంది. ఈ అమ్మాయికి జీతము తన విశ్వవిద్యాలయము ఇస్తుంది. పిల్లవాడు వెళ్ళినా అంతే, ఆగినా అంతే. గనుక 'నువ్వు ఈ ఏడాది వెళ్ళవద్దు, నీ మార్కులు చాలవు' అని చెప్పగలదు. ఎవరి దగ్గరకు వెళ్ళినా, మీకు డబ్బు ఎవరు ఇస్తారండీ అని అడగడము తప్పు కాదు. నిజాయితీ గలవారు చెబుతారు.

మా పిల్లలు కూడా ఈ పనిలోకి రావచ్చునా అని అడిగే యౌవనస్థులకు కొన్ని మాటలు. దీనికి ఇదే డిగ్రీ అని కట్టడి లేదు. భాషలు చదివినవారు, సాంఘిక సేవ చదివినవారు, పరిపాలన చదివినవారు ఈ పనిలో ఉన్నారు. ఇంగ్లీషులో తప్పులేకుండా ఉత్తరము రాయగలగాలి. ఇంకొక పరదేశ భాష వస్తే మరీ మంచిది. హైదరాబాదులోని ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయములో జర్మను, ఫ్రెంచి, అరబ్బీ వంటి భాషలు నేర్పుతారు. 2020 నాటి జాతీయ విద్యా విధానము, పరదేశి విద్యార్థులు ఉన్న ప్రతి ఉన్నత విద్యాసంస్థలో వారి కొరకు ఒక ఆఫీసు ఉండాలని చెప్పింది. విశ్వవిద్యాలయములు కాక, భారత సాంస్కృతిక సంబంధాల మండలి, ఫుల్‌బ్రైట్ వేతనములు చూసే సంస్థ, జర్మనీవారి డాడ్ వంటివి ఉన్నాయి. అమెరికాలో ఐ-20 సంతకము చేసే అధికారి ఆ దేశపు పౌరుడో, గ్రీన్ కార్డు గలవాడో కావాలి గనుక చదువుకోను వెళ్ళి అక్కడే ఆ పదవి పొందుదామనుకుంటే వెంటనే కుదరదు.

జీతము సంగతి దాచము. సాఫ్టువేరుతో పోల్చితే తక్కువ. ఒప్పంద ఉద్యోగములు ఎక్కువ, ఏటేటా పొడిగింపు కొరకు ఎదురుచూడాలి. అడ్మిషన్ల కాలములో రాత్రి పగలు తెలియదు. పేరు రాదు. పిల్లవాడు బాగా చదివితే కీర్తి ప్రొఫెసరుది, కాగితము తప్పితే తిట్లు ఈమెకు. ఈ మాటలు ఆ అమ్మాయే నవ్వుతూ చెప్పింది. మరి ఎందుకమ్మా చేస్తున్నావు అని అడిగాము. తాను మొదటిసారి హైదరాబాదు వచ్చినప్పుడు ఇమ్లీబన్ బస్టాండులో పెట్టె పట్టుకొని రెండు గంటలు నిలబడ్డానని, హాస్టలు ఏ దిక్కున ఉందో చెప్పే నాథుడు లేడని అన్నది. అంతకు మించి చెప్పలేదు. ఫోను మోగింది. సూడాను అబ్బాయి. ఇంటాయన సంతకము చేశాడట.

మేము మరల ఆ పల్లెకు వెళ్ళినప్పుడు ఇదంతా పెద్దాయనతో చెప్పాము. ఆయన భార్య గడప దగ్గర కూర్చొని మిరపకాయల తొడిమలు తీస్తూ విన్నది. "అయితే దాని దగ్గరకొచ్చే పిల్లల తల్లులకి కూడా అది ఫోను చేస్తదా అయ్యగారూ?" అని అడిగింది. చేస్తుందమ్మా, భాష రాకపోయినా చేస్తుంది అన్నాము. పెద్దాయన మా చేత ఒక కాగితము మీద కూతురి ఉద్యోగము పేరు, దాని అర్థము తెలుగులో రాయించుకొని చొక్కా జేబులో పెట్టుకున్నారు. బీడీ పెద్దమనిషి ఆ కాగితము అడిగి తీసుకొని, రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చాడు. తన మనుమడు ఇంజనీరింగు మూడవ ఏడాదిలో ఉన్నాడని మాత్రము చెప్పాడు.

సంబంధమువారి నుండి ఇంతవరకు కబురు లేదు.